ఎడమ పక్క కుర్చీ

ముందుగా ఒక మాట. నాంపల్లిలో స్కూటర్ మీంచి పడిన రోజు మా మాస్టరు తాగి లేడు. ఆ రోజే కాదు, నాకు తెలిసినంతలో అతను ఏ రోజూ తాగలేదు. తాగి పడ్డాడని వాళ్ల చుట్టాల్లోనూ, అతను పనిచేసిన దుకాణంలోనూ ఇప్పటికీ అనుకునేవాళ్లున్నారు. ఆ అనుమానం మొదట వచ్చింది అతని భార్యకు. దాన్ని నిలబెట్టింది నేను. అప్పటికి ఆమెకు అసలు సంగతి తెలియదు. నాకు తెలుసు.

మాస్టరంటే బడి పంతులు కాదు. ఆబిడ్స్‌లో ఒక సూట్ల దుకాణంలో కటింగ్ మాస్టరు. మేమిద్దరం నాంపల్లిలో ఒకే బడి, ఒకే బెంచీ. రాష్ట్రం ఏర్పడిన కొత్తలో మా తాత గుమాస్తా ఉద్యోగం మీద కోస్తా నుంచి ఈ ఊరొచ్చాడు. మేమంతా ఇక్కడే పుట్టినా ఇంట్లో మాట మాత్రం తాతదే. బడిలో చేరిన కొత్తలో నేను పంతులమ్మను "ఏమండీ" అని పిలిచానని మాస్టరు నాకు ఆ పేరే పెట్టాడు. అప్పటినుంచీ నేను అతనికి ఏమండీనే. ఫోన్ ఎత్తగానే "ఏమండీ, వంటయిందా?" అనేవాడు. దుకాణంలో పక్కనున్నవాళ్లు పగలబడి నవ్వడం నాకు ఫోన్‌లో వినిపించేది.

ఆదివారం ఆబిడ్స్‌లో చాలా దుకాణాలకు షట్టర్లు దించి ఉంటాయి. వాటి ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. అలా మూసి ఉన్న ఒక సూట్‌కేసుల దుకాణం పైన, గోడౌనుగా వాడే గదిలో, మధ్యాహ్నం భోజనాలయ్యాక మేం నలుగురం పేకాడేవాళ్లం. ఆ దుకాణం యజమానిని అందరూ సేటనేవాళ్లు. నాలుగో మనిషి రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన పెద్దాయన. సికింద్రాబాద్‌లో చర్చి ఆరాధన ముగించుకుని, ఇస్త్రీ చొక్కా నలగకుండా మెట్రోలో వచ్చేవాడు. డబ్బు పెట్టి ఆడింది లేదు. ప్లాస్టిక్ బిళ్లలు సమానంగా పంచుకునేవాళ్లం. సాయంత్రానికి ఎవరి దగ్గర తక్కువ మిగిలితే వాళ్లు మొజంజాహీ మార్కెట్‌లో అందరికీ ఐస్‌క్రీం పెట్టించాలి. అంతే.

ఆ గది మెట్లు ఇరుకు. దిగేటప్పుడు కుడివైపు గోడ ఉంటుంది. ఎడమవైపు ఇనప కమ్మీ సగం దాకానే ఉంటుంది. ఆ తర్వాత ఏమీ ఉండదు. కింద సూట్‌కేసులు వచ్చే చెక్కపెట్టెల మేకులు పైకి లేచి కనిపిస్తుంటాయి. చిన్నప్పటినుంచీ ఎక్కి దిగిన మెట్లలాగే మేం వాటిని పట్టించుకునేవాళ్లం కాదు. తర్వాత తర్వాత నేను మాస్టరు వెనకాల దిగుతూ ఆ కమ్మీ ఆగిపోయే చోటునే చూసేవాణ్ని.

మొదట్లో మాది రమ్మీ. సేటు ఫోన్‌లో ఎక్కడో చూసి పోకర్ నేర్చుకుని వచ్చి మాకు అంటించాడు. తెలియనివాళ్ల కోసం రెండు మాటలు: ఒక్కొక్కరికీ చేతిలో రెండు ముక్కలు, అందరికీ కలిపి బల్ల మీద అయిదు ముక్కలు. ఈ ఏడింటిలోంచి మంచి అయిదు కూర్చుకోవాలి. ఒకే రకం ముక్కలు అయిదు కుదిరితే అది పెద్ద ఆట. మిగతాదంతా ఎదుటివాడి చేతిలో ఏముందో ఊహించడం, మన చేతిలో ఏముందో ఊహించనివ్వకపోవడం.

రమ్మీ అలవాట్లు మాత్రం మమ్మల్ని వదల్లేదు. రమ్మీలో ముక్కలు సరిగ్గా కుదరకుండానే కుదిరాయని దించేస్తే రాంగ్ షో. దానికి పూర్తి జరిమానా. పోకర్‌లో అలాంటి జరిమానా లేదు. ముక్కలు బల్ల మీద పెడితే ఏది పెద్దదో అవే చెబుతాయి. మేం ఆ సంగతి తెలియక, తెలిశాక కూడా మానలేక, పోకర్‌లోనూ రాంగ్ షో అని అరుచుకునేవాళ్లం. మొదట అది ఉత్త తమాషా.

ఓడిపోయేది ఎప్పుడూ నేనే. వరసగా ఐస్‌క్రీంలు నేనే పెట్టించాను. "ఏమండీ గారి ఇంట్ల పెండ్లి ఉన్నట్టున్నది, అందరికి దావత్ ఇస్తుండు" అనేవాడు మాస్టరు. గార్డుగారు అంతకన్నా మర్యాదగా పొడిచేవాడు. "బాబూ, నీ మొహం సిగ్నల్ స్తంభంలా ఉంది. ఎరుపు, పచ్చ మైలు దూరం నుంచి తెలుస్తున్నాయి."

గౌలిగూడలో ఒక పార్సిల్ ఆఫీసులో ఉద్యోగం నాది. అదే బల్ల, అదే రసీదులు. నలభై దాటాక మనిషి జీవితంలో ఏదీ మెరుగుపడదు. ఉన్నది జారిపోకుండా చూసుకోవడమే ఉంటుంది. అటువంటప్పుడు ఒక ఆదివారం ఫుట్‌పాత్ మీద పోకర్ ఎలా ఆడాలో చెప్పే ఇంగ్లీషు పుస్తకం దొరికింది. ఎవరో పెన్సిల్‌తో గీతలు గీసి వదిలేసిన పుస్తకం. అందులో నన్ను పట్టుకున్నది ఒకే ముక్క: గెలవాలని కూర్చోవద్దు, ఆ పూటకు ఒక్క గురి పెట్టుకుని కూర్చో. గెలిచినా ఓడినా ఆ గురి అందుకున్నావా లేదా అన్నదే చూసుకో.

నాకది గొప్పగా అనిపించింది. మొదటి గురి, చేతికొచ్చిన ప్రతి ఆటా ఆడకూడదు. చెత్త ముక్కలొస్తే నోరు మూసుకుని పడేయాలి. కష్టం మీద అలవాటైంది. ఆ తర్వాత, ఓడిన కోపంతో వెంటనే రెచ్చిపోకూడదు. దానికి చాలాకాలం పట్టింది. ఆ తర్వాత మొహం. అద్దం ముందు నిలబడి ఏ భావమూ లేని మొహం పెట్టడం సాధన చేశాను. మా ఆవిడ దువ్వెన కోసం వచ్చి చూసి, "ఏమిటా మొహం, ఎవరైనా పోయారా?" అంది. నిజంగానే భయపడింది. అంటే పని చేస్తోందన్నమాట అనుకున్నాను.

నేను మెరుగయ్యాను. ఐస్‌క్రీం ఖర్చు వేరేవాళ్ల మీదికి పోవడం మొదలైంది. ఆఫీసులో కూడా వీపు నిటారుగా పెట్టి కూర్చుంటున్నానని ఎవరో అన్నారు. నిన్నటికన్నా ఇవాళ కొంచెం బాగున్నాను అనే మాటకు ఎంత మత్తుందో ఆ వయసులో నాకు తెలిసింది. మాలో తాగిన మనిషంటూ ఉంటే అది నేనే.

తర్వాతి గురి: ఒక పూటంతా ఒకే మనిషిని చూడాలి. ప్రతి మనిషీ తనకు తెలియకుండా ఏదో ఒక ఆనవాలు బయటపెడతాడని, అది కనిపెట్టాక ఎవరికీ చెప్పకూడదని, చెబితే అతను సర్దుకుంటాడని ఆ పుస్తకంలో ఉంది. నేను మాస్టర్ని ఎంచుకున్నాను. మాలో బాగా ఆడేది అతనే. పైగా అతని మొహం నాకు చిన్నప్పటినుంచీ తెలుసు.

అతను బల్ల మీది ముక్కల్ని చూసేటప్పుడు తల కాస్త ఎడమకు తిప్పుతున్నాడు. ఇదివరకు అలా చేసేవాడు కాదు. మంచి ముక్కలొస్తే అలా చేస్తాడేమో అనుకున్నాను. కొన్నిసార్లు నిజమైంది, కొన్నిసార్లు కాలేదు. ఇంకా దగ్గరగా చూడాలి. పోకర్‌లో ఆట ఎడమవైపుగా తిరుగుతుంది. ఎవరి ఎడమ పక్కన కూర్చుంటే వాళ్లు ఆడాక మనం ఆడతాం. వాళ్లేం చేశారో చూసి మన పని చూసుకోవచ్చు. మంచి ఆటగాడి ఎడమ పక్కన చోటు సంపాదించడం కూడా ఒక గురి. ఫ్యాను గాలి తగలడం లేదని చెప్పి సేటును లేపి నేను మాస్టరు ఎడమ పక్క కుర్చీలోకి మారాను.

"ఏందిర, దగ్గరికొస్తున్నవ్? మీ ఇంటామె పుట్టింటికి పోయిందా?" అన్నాడు మాస్టరు.

"గాలి కోసం."

"గాలికా? సేటూ, రేపటి సంది ఈయనకు ఒళ్లోనే కుర్చీ వెయ్యి."

అందరం నవ్వాం. నవ్వుతూనే నేను చూశాను. అతను ఆ మాట నా వైపు చూసి అనలేదు. నా గొంతు వచ్చిన వైపు తిరిగి, ఇంకా తిరిగి, అప్పుడు నన్ను చూశాడు.

ఆ పూట టీ, బిస్కెట్లు వచ్చాయి. బిస్కెట్ల ప్లేటు సేటు మాస్టరు ఎడమ మోచేతి దగ్గర పెట్టాడు. కాసేపటికి మాస్టరు అన్నాడు: "బిస్కెట్లు తెప్పియ్యలేదా?"

నేను చెప్పబోయి ఆగాను. ఒక వేలితో ప్లేటును బల్ల మీద చప్పుడు కాకుండా ముందుకు జరిపాను. అతనికి కనబడలేదు. ఇంకాస్త జరిపాను. ఇంకాస్త. ఒక చోటుకు రాగానే "ఆ, గిదో, గీడనే ఉన్నయి" అని చెయ్యి చాచాడు.

నాకు ఆ క్షణంలోనే అర్థమైంది. మా అమ్మకు నీటికాసుల జబ్బు ఉండేది. ఆమె పోయేదాకా రోజూ కళ్లలో చుక్కలు వేసింది నేనే. నొప్పి ఉండదని, చీకటి చుట్టూ అంచుల నుంచి మొదలై మెల్లగా లోపలికి వస్తుందని, మధ్యలో చూపు చివరిదాకా బాగానే ఉంటుంది కాబట్టి మనిషికి తన కన్ను పోతున్నట్టు తనకే తెలియదని, ముందే పట్టుకుంటే చుక్కలతో ఆపవచ్చని, పోయింది మాత్రం తిరిగి రాదని డాక్టరు మాకు చెప్పాడు. మాస్టరుకు ఎదురుగా ఉన్న గుడ్డ మీద చాక్ గీత స్పష్టంగా కనబడుతోంది. కత్తెర తిన్నగా పోతోంది. కాబట్టి తనకేం కాలేదనుకుంటున్నాడు. ఒక్కసారి కుడికన్ను మూసుకుని చూడమంటే చాలు.

ఆ ఒక్క మాట నేను అనలేదు.

ఎందుకంటే ఆ తర్వాతి ఆటలోనే అతను ఒక పెద్ద ఆట పారేసుకున్నాడు. చేతిలో రెండు ఇస్పేట్లు ఉన్నాయి. బల్ల మీద మూడు ఇస్పేట్లు పడ్డాయి. అంటే అయిదూ ఒకే రకం. మధ్యలో అందరూ వేసిన బిళ్లల కుప్ప మొత్తం అతనిదే కావాలి. మూడో ఇస్పేటు అన్నిటికన్నా ఎడమ చివర, నా వైపు ఉంది. అతను ముక్కలు పడేసి, "ఇస్పేట్లు రెండే పడ్డయి, నా నసీబ్" అన్నాడు. సేటు అతని ముక్కలు తిప్పి చూసి నెత్తి కొట్టుకున్నాడు. "అరే, మూడోది గాడ లేదా? నిద్రపోతున్నవా?" మాస్టరు తల బాగా తిప్పి ఆ ముక్కను చూశాడు. ఒక్క క్షణం అతని మొహం ఖాళీ అయిపోయింది. నేను అద్దం ముందు సాధన చేసిన మొహంలా ఉంది. తర్వాత నవ్వేశాడు. "పొద్దుగాల లేచిన. కండ్లు మూతలు పడుతున్నయి."

ఆ కుప్ప నాకు వచ్చింది.

వచ్చే ఆదివారం చెబుదాం అనుకున్నాను. ఆ ఆదివారం వచ్చాక, ఐస్‌క్రీం తినేటప్పుడు చెబుదాం అనుకున్నాను. అక్కడ అందరి ముందు ఎందుకు అనుకున్నాను. ఈపాటికి అతనికే తెలిసుంటుంది, దాచుకుంటున్నాడేమో, మనం కెలకడం ఎందుకు అని కూడా అనుకున్నాను. ఈ లోపల నా బిళ్లలు కుప్పకు ఎడమవైపు, అతనికి కనబడని చోట జరుపుతున్నాను. ఎంత వేశానో అతనికి తెలియడం లేదు. నేను పంచే వంతు వచ్చినప్పుడు బల్ల మీది ముక్కల్ని నా వైపు అంచు నుంచి పరుస్తున్నాను. నేను ఏ ముక్కా దాచలేదు. ఏ ముక్క మీదా గుర్తు పెట్టలేదు. అందరికీ కనబడే చోటే పరిచాను. ఒక్కరికి తప్ప.

ఇంకో పని కూడా చేశాను. తమాషాగా ఉన్న రాంగ్ షోను నిజమైన నిబంధన చేద్దామన్నాను. ఆట తప్పు చెబితే కుప్ప పోతుంది, ఆ పూట ఐస్‌క్రీం కూడా వాళ్లదే. గార్డుగారు ఇది పోకర్‌లో లేదన్నాడు. నేను పుస్తకంలో ఉందన్నాను. పుస్తకంలో లేదు.

ఆ తర్వాత మాస్టరు వరసగా ఐస్‌క్రీంలు పెట్టించాడు. సేటు "రాంగ్ షో!" అని బల్ల గుద్దేవాడు. మాస్టరు చేతులు జోడించి, "నాయనా, నాకు ముసలితనమొచ్చింది, మన్నించున్రి" అనేవాడు. నేను ప్రతి ఆదివారం బిస్కెట్ల ప్లేటు పరీక్ష చేసేవాణ్ని. ఎందుకు చేసేవాణ్నో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ఆట కోసమని అప్పుడు అనుకున్నాను. ప్లేటును మెల్లగా జరపాలి, "గిదో" అనేదాకా. నెలలు గడిచేకొద్దీ ప్లేటు ఇంకా ముందుకు జరపాల్సి వచ్చేది. మొదట్లో అతని భుజానికి ఎదురుగా ఆగేది. తర్వాత చొక్కా జేబుకు. తర్వాత గుండీల వరసకు. బల్లకు ఎడమవైపు సగం అతని లోకంలోంచి పోయింది. ఆ సగంలో నేను కూర్చుని ఉన్నాను.

మెట్లు దిగేటప్పుడు అతను కుడి అరచేతిని గోడకు ఆనించుకుని దిగడం మొదలుపెట్టాడు. వెనక నేను. కమ్మీ ఆగిపోయే చోటు రాగానే నేను ఒక మెట్టు పైనే ఆగిపోయేవాణ్ని. పడలేదు. ఏ ఆదివారమూ అతను అక్కడ పడలేదు.

ఒకరోజు మొజంజాహీ మార్కెట్‌లో పళ్లు కొంటుంటే వెనకనుంచి "అన్నా, జర ఆగు" అని వినిపించింది. మాస్టరు భార్య. చేతిలో బత్తాయిల సంచి. నన్ను పెళ్లయిన కొత్త నుంచీ అన్నా అనే పిలుస్తుంది. ఒక పక్కకు రమ్మని, గొంతు తగ్గించి అడిగింది.

"అన్నా, నిజం చెప్పు. ఆదివారం మీ తాన తాగుడు గిట్ల ఉంటదా?"

"ఎందుకమ్మా అలా అడుగుతున్నావు?"

"తలుపు చెక్కకు గుద్దుకుంటుండు. నీళ్ల బిందె తన్నుకున్నడు. ఎడమ బుజం చూడాలె, అంత కమిలి నల్లగైంది. అడిగితే ఏం లేదంటడు. బండి మీద నేను ఎనక కూసోని, ఎడమకు ఆటో వస్తుంది, ఎడమకు బస్సొస్తుందని అరుస్తనే ఉండాలె. మత్తుల ఉన్న మనిషి లెక్క."

ఎడమ అని ఆమె మూడుసార్లు అంది. అన్నిటికీ జవాబు తన నోట్లోనే ఉన్నట్టు ఆమెకు తెలియదు. లేదు, తాగడు అంటే, మరి ఏమైందని అడుగుతుంది. ఏమైందో చెబితే, నీకెట్ల తెలుసు అంటుంది. నేను మొహం కదలనివ్వలేదు. కాస్త నవ్వాను.

"ఆదివారం కదమ్మా..." అన్నాను. అక్కడితో ఆపేశాను. మిగతాది ఆమెనే పూర్తి చేసుకోనిచ్చాను. పోకర్‌లో దాన్ని బ్లఫ్ అంటారు.

"ఔ? గట్లనా," అంది. కోపం తెచ్చుకుంటుందనుకున్నాను. ఆమె భుజాలు తేలికపడ్డాయి. "తాగుడైతే మాన్పియ్యొచ్చు. ఏమన్న రోగమేమోనని ఫికర్ జేస్తున్న. బతికించినవ్ అన్నా."

సంచిలోంచి రెండు బత్తాయిలు తీసి నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

ఆ ఆదివారం మాస్టరు వస్తూనే మొదలుపెట్టాడు. "విన్నారా? మా ఇంటామె నన్ను తాగుబోతన్నది! ఇంటికి పోంగనే నోరు తెరువు అంటది. నేను తెరుస్త. వాసన లేదు. వాసన రానిది తాగుతుండని ఇంకా కోపం!" సేటు, గార్డుగారు కడుపు పట్టుకుని నవ్వారు. "ఎవరు చెప్పిన్రో ఏమో, ఏమండీ. నీకేమన్న తెల్సునా?" అని అతను నా వైపు తిరిగాడు. తిరగడానికి కొంతసేపు పట్టింది. "నాకేం తెలుసు" అన్నాను. అప్పటికి నా మొహం చాలా బాగా తయారైంది.

ఆమె ఆదివారాలు అతని బండి ఎక్కడం మానేసింది. తాగినవాడి వెనక కూర్చోనంది. అంతకుముందు ఆదివారం సాయంత్రాలు ఆమె ఆబిడ్స్‌కు వచ్చి, ఇద్దరూ కలిసి స్కూటర్ మీద ఇంటికి పోయేవాళ్లు. ఇప్పుడు ఆమె రావడం లేదు. ఎడమకు చూడు అని చెప్పే మనిషి అతని వెనక లేదు.

ఒక ఆదివారం, ఇంకా ఎండ పూర్తిగా దిగని వేళ, మా ఆట నుంచి ఇంటికి పోతూ, నాంపల్లి స్టేషన్ దగ్గర మలుపులో, ఎడమవైపు నుంచి వచ్చిన ఆటోను అతను చూడలేదు. కాలు విరిగింది. నేను దవాఖానకు చేరేసరికి ఆమె, ఆమె అన్నదమ్ములు వచ్చి ఉన్నారు. స్ట్రెచర్ పక్కన నిలబడి ఆమె ఏడుస్తూ అందరికీ వినబడేట్టు అంటోంది: "తాగిండు. ఆదివారం తాగుతడు. నేను చెప్తనే ఉన్న." డ్యూటీ డాక్టరు వాసనేమీ లేదమ్మా అన్నాడు. ఆమె పెద్దన్న "ఇప్పుడు వాసన రానివి మస్తు వచ్చినయి సార్" అన్నాడు. స్ట్రెచర్ మీద మాస్టరు కళ్లు మూసుకుని ఉన్నాడు. "తాగలేదే, నీ మీద ఒట్టు" అన్నాడు. ఎవరూ వినలేదు. నేను విన్నాను. ఆమె పక్కనే ఉన్నాను.

తలకు దెబ్బేమైనా తగిలిందా అని డాక్టరు వేలు అటూ ఇటూ జరిపి చూశాడు. ఎడమవైపు వేలు ఎక్కడుందో మాస్టరు చెప్పలేకపోయాడు. డాక్టరు మళ్లీ జరిపాడు. మెల్లగా, ముందుకు, ఇంకా ముందుకు. "ఆ, గిదో" అన్నాడు మాస్టరు. నేను బయటికి వెళ్లిపోయాను.

కంటి దవాఖానలో అంతా తేలింది. ఎడమకన్ను పూర్తిగా పోయింది. కుడికన్నులో మధ్యన చిన్న గొట్టంలాంటి చూపు మిగిలింది. చుక్కలతో దాన్ని కాపాడుకోవాలి. ఏడాది ముందు వచ్చి ఉంటే కుడికన్ను చాలావరకు నిలిచేదని, కత్తెర పని మానాల్సి వచ్చేది కాదని కంటి డాక్టరు చెప్పాడు. "మాకు ఎట్ల తెలుస్తది సార్?" అంది ఆమె. "రోగికే తెలియదమ్మా. ఇంట్లోవాళ్లకేం తెలుస్తుంది? ఎవరికీ తెలియదు" అన్నాడు ఆయన, ఓదార్పుగా. నేను తలుపు దగ్గర నిలబడి తల ఊపాను.

దుకాణంవాళ్లు మాస్టర్ని ఇంటికి పంపించేశారు. కళ్ల సంగతి తెలిశాక కూడా చుట్టాలు మాట మార్చలేదు. తాగుడుతోనే కళ్లు పోయాయన్నారు. ఆమె మాత్రం నమ్మింది, అతను తాగలేదని. అప్పటినుంచి ఆమెకు వేరే బాధ. ఎప్పుడు వెళ్లినా ఏదో ఒక సందర్భంలో, "నా మొగున్ని నలుగుట్ల తాగుబోతన్నది ఈ నోరే" అని తన నోటి మీద తానే కొట్టుకునేది. నాకు అన్నం వడ్డిస్తూ కూడా.

మా ఆట ఆగిపోయింది. ఆదివారాలు నేను నాంపల్లిలో వాళ్లింటికి వెళ్లి కూర్చుంటున్నాను. మంచి స్నేహితుడినని గల్లీలో పేరొచ్చింది. మొన్నటి ఆదివారం కూడా అలాగే వెళ్లాను. ఆమె టీ తెచ్చింది. బిస్కెట్ల ప్లేటు మాస్టరు ఎడమ పక్కన పెట్టింది. పాత అలవాటు కొద్దీ నేను అతని ఎడమ పక్క కుర్చీలోనే ఉన్నాను. అతను చెయ్యి చాపి బల్ల తడుముతున్నాడు. ఆమె వంగి ఇవ్వబోయేలోపల నా వేలు ప్లేటును జరిపింది. నేను జరపాలని అనుకోలేదు. వేలికి దారి తెలుసు. మెల్లగా, చప్పుడు లేకుండా, అతని గడ్డానికి సరిగ్గా ఎదురుగా ఉన్న చోటుకు తీసుకుపోయి ఆగింది.

"గిదో" అన్నాడు మాస్టరు.

ఆమె వంగినది వంగినట్టే ఉండిపోయింది. నా వేలిని చూస్తోంది.

"నీకెట్ల తెల్సు అన్నా?" అంది. "ఆయనకు యాడ కనబడుతదో నాకే తెల్వదు. రోజు తప్పుత. నీకెట్ల తెల్సు?"

నా మొహం ఎప్పటిలాగే కదల్లేదు. కానీ వేలు ఇంకా ప్లేటు మీదే ఉంది. దాన్ని ఎలా వెనక్కి తీసుకోవాలో నాకు తెలియలేదు.

చెప్పాను. ప్లేటు, కుర్చీ, మూడో ఇస్పేటు, రాంగ్ షో, మా అమ్మ కళ్లు, మార్కెట్‌లో నేను సగంలో ఆపేసిన మాట. వరసగా కూడా చెప్పలేకపోయాను. నేను చెబుతున్నంతసేపూ ఆమె నిలబడే ఉంది. అయిపోయాక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొట్టుకోవడానికి కాదు.

"అన్నా అని పిలిచిన గద నిన్ను," అంది. కొంగు దించి, "మా అన్నలకు నువ్వే చెప్పాలె. దుకాణంల చెప్పాలె. తాగలేదని నువ్వే చెప్పాలె" అంది. లోపలికి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆమె అన్నలకు చెప్పాను. దుకాణంలోనూ చెప్పాను. మిగతావాళ్లకు ఇది.

ఆ రోజు ఆమె లోపలికి వెళ్లాక కూడా మాస్టరు మాత్రం బిస్కెట్ చేతిలో పట్టుకుని అలాగే కూర్చున్నాడు. నా వైపు తల తిప్పకుండానే అడిగాడు.

"ఎప్పుడు తెల్సింది? పోయినేటి బోనాలకు ముందా, ఎనకనా?"

డాక్టరు చెప్పిన ఏడాదిని అతను లెక్క వేసుకుంటున్నాడని నాకు అర్థమైంది. వెనక అని చెబితే నేను కొంతైనా తప్పించుకుంటాను.

"ముందు" అన్నాను. "చాలా ముందు."

అతను తల ఊపాడు. ఏమండీ అనలేదు. తిట్టలేదు. బిస్కెట్‌ను ప్లేటు ఉన్న చోట కాకుండా బల్ల మీద మరెక్కడో పెట్టాడు.

"గా పక్క కూసోకు" అన్నాడు. "లే. కుర్చీ తెచ్చి నా ఎదురుంగ వేసుకో. ఇంకా దగ్గరికి. నీ మొకం చూడాలె."

నేను లేచి కుర్చీ జరుపుకున్నాను. ఇంకా దగ్గరికి అన్నాడు. మోకాళ్లు తగిలేదాకా జరిగాను. అతను తల కొంచెం అటూ ఇటూ తిప్పుతూ, మిగిలిన ఆ చిన్న చూపులోకి నా మొహాన్ని తెచ్చుకున్నాడు. నుదురు మొదట, తర్వాత కళ్లు, తర్వాత నోరు. ఒక్కొక్కటే. నేను ఏ మొహమూ పెట్టలేదు. పెట్టడం చేతకాలేదు. అతను చూస్తూనే ఉన్నాడు.